లేని దేశానికో జెండా

నాకో పిచ్చి ఉంది.. లేని దేశాలకి జెండాలు గీయడం. మొన్న శనివారం, "1948లో హైదరాబాద్ సంస్థానం భారత్‌లో కలవకపోయుంటే?" అనుకుని, నిజాం జెండాలోని పసుపు తీసుకుని ఇంక్‌స్కేప్‌లో దాని మీద చార్మినార్ పెట్టా. మా రూమ్మేట్‌ది ఆదిలాబాద్ వైపు పల్లె. చూసి ఒకటే ముక్కన్నాడు: "మరి మేమేడున్నంరా ఇండ్ల?"

నా దగ్గర జవాబు లేదు.

ఆలోచిస్తే పింగళి వెంకయ్యగారు చేసిందీ ఇలాంటి పనే కదా! 1916లో ఆయన 30 నమూనాలతో పుస్తకం వేసేనాటికి స్వతంత్ర భారతం ఎక్కడుంది? 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీగారికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా చూపించారు. ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి. మరి మిగతావాళ్లో? వాళ్ల కోసం తెలుపు చేర్చమన్నారు గాంధీగారు. అంటే ఆయన పట్టుకున్నదీ మావాడి ప్రశ్నే! చివరికి 1931లో కాంగ్రెస్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ ఖాయం చేసి, ఈ రంగులకి మతాలతో సంబంధం లేదని తేల్చేసింది. 1947 జులై 22న రాట్నం స్థానంలో అశోకచక్రం వచ్చింది.

కోడ్ రాసేముందు యూజర్లెవరని అడిగే నేను, జెండాకి మాత్రం ఆ మాటే మర్చిపోయా. చార్మినార్ తీసేశా. ప్రస్తుతానికి ఉత్త పసుపు గుడ్డ మిగిలింది. మీరైతే ఏం పెడతారు?