పాలమూరు మెన్నోనైట్ మందిరాలు

నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో ఎం.బి. చర్చి అంటే మెన్నోనైట్ బ్రదరెన్ సంఘపు మందిరం. పసిబిడ్డకు ఇచ్చే బాప్తిస్మం చెల్లదనీ, సంఘం మీద ప్రభుత్వ పెత్తనం పనికిరాదనీ 1525లో జ్యూరిక్‌లో తెగించి చెప్పినవారి వారసులు మెన్నోనైట్లు. వారిలోంచి బ్రదరెన్ శాఖ 1860లో రష్యాలో విడివడింది. పాలమూరులో మొదట అడుగుపెట్టింది మాత్రం అమెరికన్ బాప్టిస్టులు. 1885లో ఎల్బర్ట్ చూట్ అక్కడ కేంద్రం తెరిచారు. మెన్నోనైట్ల తరఫున డానియల్ బెర్గ్‌తోల్డ్ 1906లో నాగర్‌కర్నూలులో పని మొదలుపెట్టారు. 1915 నాటికి వనపర్తి కూడా కేంద్రమైంది. 1937లో బాప్టిస్టులు పాలమూరు, గద్వాల ప్రాంతాలను వీరికి అప్పగించారు. వయసొచ్చినవారిని నీళ్లలో ముంచి బాప్తిస్మమివ్వడం ఇద్దరి పద్ధతీ కాబట్టి ఆ మార్పు విశ్వాసులకు కొత్తగా తోచే అవసరం లేకపోయింది.

ఈ మందిరాలను తెల్లదొరలు నాటిన మొక్కలుగా చూడడం అలవాటైపోయింది. కాంపౌండ్లు, బంగళాలు, బోర్డింగులు వారి డబ్బుతో లేచినవే, కాదనలేం. కానీ సంఘం గోడల్లో ఉండదు. ఊరూరా మాలవాడలో, మాదిగవాడలో వాక్యం చెప్పింది తెలుగు బోధకులు. చుట్టరికాల వెంట అది ఒక వాడ నుంచి మరో వాడకు పాకింది. ఆడవాళ్లొక పక్క, మగవాళ్లొక పక్క చాపల మీద కూర్చుని ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పాడే ఆరాధన ఏ రష్యా పల్లెలోనూ పుట్టలేదు. ఇంగ్లండులో ఇలాంటి స్వతంత్ర సంఘాలు రాజు చర్చిని ధిక్కరించి నిలిచాయి. ఇక్కడ పైన నిజాం, గద్వాల, వనపర్తుల్లో సంస్థానాధీశులు. ధిక్కరించడానికి రాజు చర్చే లేదు. ఊరిబయటికి నెట్టిన మనిషి తన నోటితో విశ్వాసం ఒప్పుకుని, సంఘంలో సభ్యుడిగా లెక్కకు రావడమే ఇక్కడి ధిక్కారం.

లాభం కోసమే చేరారన్న ఆక్షేపణ ఒకటి ఉంది. కరవులో అన్నం, పిల్లలకు చదువు ఆకర్షించిన మాట నిజమే. ఆకలిగొన్నవాడు అన్నం పెట్టిన చోటికి రావడం అతని విశ్వాసానికి మచ్చ కాదు. అయితే 1950 రాష్ట్రపతి ఉత్తర్వుతో క్రైస్తవుడు షెడ్యూల్డు కులాల హోదా కోల్పోయాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అతనికి దక్కింది బి.సి.-సి వర్గం, 1 శాతం రిజర్వేషను. కాగితాల్లో పాత మతమే రాయించుకున్నవారు ఉన్నారు గనుక దీన్ని తిరుగులేని రుజువు అనను. కానీ కాగితంలో దాచుకోవలసి వచ్చినా ఆదివారం మందిరానికి వెళ్లేవాణ్ణి లాభం ఒక్కటే నడిపిస్తుందని చెప్పడం కష్టం. మిషనరీలు వెళ్లిపోయాక కూడా ఈ సంఘాలు తెలుగు పాస్టర్ల చేతుల మీదుగానే సాగుతున్నాయి.