కంచ గచ్చిబౌలి అడవి ఛాయాచిత్రాలు

కంచ గచ్చిబౌలి తెలంగాణ రాష్ట్రం, రంగారెడ్డి జిల్లా, శేరిలింగంపల్లి మండలానికి చెందిన గ్రామం. ఇక్కడ హైదరాబాదు విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని సర్వే నెం. 25లో సుమారు 400 ఎకరాల చిట్టడవి ఉంది. 2025లో ఈ భూమిని ఐ.టి. సంస్థల కొరకు చదును చేయడం మొదలైనపుడు, ఇది అడవియా లేక ఖాళీ నేలయా అన్న ప్రశ్న తలెత్తింది. ఆ వివాదంలో ఇక్కడి చెట్లను, జంతువులను చూపిన ఛాయాచిత్రాలు, వీడియోలు ప్రముఖ పాత్ర వహించాయి.

పేరు, స్వరూపం

తెలంగాణలో పశువుల మేతకు విడిచిన బీడు భూమిని "కంచ" అంటారు. రెవిన్యూ దస్త్రాలలో ఇది ప్రభుత్వ భూమి. అడవిగా ప్రకటింపబడలేదు. అయితే మేత తగ్గి, మనుషుల రాకపోకలు పలుచబడిన చోట కాలక్రమంలో పొదలు, చెట్లు దట్టంగా పెరిగాయి. చుట్టూ హైటెక్ సిటీ, నానక్‌రామ్‌గూడ, గోపన్‌పల్లి ప్రాంతాలలో భవనాలు వెలసిన కొద్దీ పక్షులకు, జంతువులకు ఇది, విశ్వవిద్యాలయ ఆవరణ కలిసి ఆశ్రయమయ్యాయి.

జీవజాలం

ఈ పరిసరాలలో చుక్కల దుప్పి, అడవిపంది, ముళ్ళపంది, ఉడుము, కొండచిలువ, నక్షత్ర తాబేలు, నెమలి కనిపిస్తాయి. విశ్వవిద్యాలయ ఆవరణలో సుమారు 220 జాతుల పక్షులు నమోదయ్యాయి. చెట్ల బెరడుపై జీవించే మురిసియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడును 2010లో ఇక్కడినుండే కొత్త జాతిగా వర్ణించారు. పుట్టగొడుగు ఆకారంలో నిలిచిన "మష్రూమ్ రాక్" ఇక్కడి ప్రసిద్ధ శిల. దక్కను పీఠభూమి గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

చిత్రీకరణలో ఋతువు ప్రాధాన్యం

ఇటువంటి మెట్ట అడవి వేసవిలో ఆకు రాల్చి బోడిగా కనిపిస్తుంది. ఏప్రిల్‌లో తీసిన చిత్రం చూసినవారికి ఇది బంజరు నేల అనిపించవచ్చు. తొలకరి తరువాత అదే చోటు పచ్చబడుతుంది. నెమళ్ళు పురి విప్పుతాయి, నక్షత్ర తాబేళ్ళు బయటికి వస్తాయి. కనుక ఒకే చోటిని వేర్వేరు ఋతువులలో, తేదీతో సహా చిత్రీకరించినపుడే దాని నిజస్వరూపం తెలుస్తుంది. ఉపగ్రహ చిత్రాలను సంవత్సరాల వారీగా పోల్చి చెట్ల విస్తీర్ణంలోని మార్పును గుర్తించవచ్చు.

భూ వివాదం

హైదరాబాదు విశ్వవిద్యాలయం 1974లో ఆరు సూత్రాల పథకం ఫలితంగా ఏర్పడింది. దానికి సుమారు 2,300 ఎకరాలు కేటాయించారు. 2003లో అప్పటి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ఈ 400 ఎకరాలను ఐ.ఎం.జి. భారత అనే క్రీడాసంస్థకు కేటాయించింది. 2006లో తరువాతి ప్రభుత్వం ఆ కేటాయింపును రద్దు చేసింది. 2024లో న్యాయస్థానాలు ప్రభుత్వానికి అనుకూలంగా తీర్పునివ్వగా, భూమి తెలంగాణ పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ చేతికి వచ్చింది.

2025 ఘటనలు

2025 మార్చి 30, ఉగాది నాడు యంత్రాలు చెట్లను తొలగించడం ప్రారంభించాయి. విద్యార్థులు అడ్డుకోగా పోలీసులు పలువురిని అదుపులోకి తీసుకున్నారు. రాత్రివేళ కూడా సాగిన పనుల చిత్రాలు, వీడియోలు దేశమంతటా వ్యాపించాయి.

ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రారు (జ్యుడీషియల్) అదేరోజు స్థలాన్ని పరిశీలించి నివేదిక సమర్పించారు. సుమారు 100 ఎకరాలలో విధ్వంసం జరిగిందని, అక్కడ నెమళ్ళు, దుప్పులు, పక్షులు కనిపించాయని అందులో ఉంది. అది అడవియేనని చెప్పడానికి ఇవి ప్రాథమిక సూచనలని భావించి, పనులన్నింటినీ కోర్టు నిలిపివేసింది. అడవి అనే పదాన్ని యాజమాన్యంతో నిమిత్తం లేకుండా నిఘంటువు అర్థంలోనే గ్రహించాలని 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో ఇదే కోర్టు చెప్పియున్నది.

ఏప్రిల్ 16న ఆశ్రయం కోసం పరుగెడుతున్న జంతువుల వీడియోలను ప్రస్తావించి, వన్యప్రాణులను రక్షించాలని వన్యప్రాణి వార్డెనును కోర్టు ఆదేశించింది. నరికిన 100 ఎకరాలను ఎలా పునరుద్ధరిస్తారో తెలపాలని ప్రభుత్వాన్ని అడిగింది. మే 15న పునరుద్ధరణ విషయాన్ని మళ్ళీ గట్టిగా హెచ్చరించింది.

చిత్రాల విశ్వసనీయత

ఇదే సమయంలో కృత్రిమ మేధతో తయారైన చిత్రాలు కూడా ప్రచారమయ్యాయి. వీటివల్ల ప్రజలు తప్పుదోవ పట్టారని ప్రభుత్వం ఆరోపించింది. పోలీసులు కేసులు నమోదు చేశారు. ఒక ఐ.ఎ.ఎస్. అధికారికి కూడా నోటీసు ఇచ్చారు. నెమలి చెరువు, బర్రెల చెరువు ఈ 400 ఎకరాలలో లేవని మౌలిక వసతుల సంస్థ ప్రకటించింది. వాన నీరు సర్వే హద్దులను బట్టి పారదని, ఈ నేల చెడితే పక్కనున్న చెరువులకు కూడా హాని కలుగుతుందని పర్యావరణవాదుల వాదన.

కల్పిత చిత్రం వల్ల నిజమైన చిత్రం కూడా సందేహానికి గురవుతుంది. ఈ వివాదంలో కోర్టు కేవలం ప్రచారంలోని చిత్రాలపై ఆధారపడక తన అధికారిని పంపి చూపించడం గమనార్హం. చోటు, తేదీ, తీసిన విధానం తెలిసిన చిత్రానికే సాక్ష్యంగా విలువ ఉంటుంది.

పోల్చదగిన ఉదాహరణ

అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో ఆర్కిటిక్ జాతీయ వన్యప్రాణి ఆశ్రయం ఉంది. అక్కడ చమురు తవ్వాలని కోరినవారు దానిని మంచు తప్ప ఏమీ లేని తెల్లని శూన్యంగా వర్ణించేవారు. భారతదేశంలో జన్మించిన సుభంకర్ బెనర్జీ 2001 నుండి అన్ని ఋతువులలోనూ ఆ ప్రాంతాన్ని చిత్రీకరించాడు. 2003 మార్చి 19న బార్బరా బాక్సర్ ఆయన పుస్తకాన్ని సెనేట్‌లో చూపించింది. తవ్వకాలకు వ్యతిరేకమైన ఆమె సవరణ 52-48 ఓట్లతో నెగ్గింది. అయితే 2017లో వచ్చిన చట్టం అక్కడ చమురు లీజులకు దారి తెరిచింది. ఈ రెండు ఉదంతాలలోనూ ఖాళీగా ఉన్నదని చెప్పబడిన చోట ప్రాణులున్నాయని చిత్రాలు తెలిపాయి. ఆ ప్రాణులకు శాశ్వత రక్షణ మాత్రం చట్టం ద్వారానే లభించాలి.

ఇవి కూడా చూడండి

గచ్చిబౌలి
హైదరాబాదు విశ్వవిద్యాలయం
నక్షత్ర తాబేలు