సీసాలోని నత్తయు, ప్రభువుల సభయు

స్కాట్లండులోని పెయిస్లీ పట్టణమున 1928 ఆగస్టు 26వ తేదీ రాత్రి, వెల్‌మెడో అను కాఫీ హోటలులో, మే డోనహ్యూ అను సామాన్య స్త్రీకి మిత్రులొకరు ఐస్‌క్రీమును జింజర్‌బీరును కొనియిచ్చిరి. సీసా నల్లగాజుది, లోన నేమున్నదో కంటి కానదు. కొంత త్రాగిన పిమ్మట మిగిలిన పానీయమును వంపగా కుళ్ళిన నత్త యొకటి జారిపడెననియు, ఆ చూచినదానిచేతను, అప్పటికే కడుపులో పడినదానిచేతను తాను జబ్బుపడితిననియు ఆమె అభియోగము.

దావా ఎవరిపై వేయవలెను? వెల చెల్లించినది ఆమె కాదు గనుక హోటలు యజమానితో ఒడంబడిక లేదు. పానీయమును తయారుచేసిన స్టీవెన్సనుతో అసలే లేదు. తపాలాబండి విరిగి క్షతగాత్రుడైన బండివానితో, బండిని బాగుగా నుంచుటకు ఒప్పుకొన్నవాడు తపాలాశాఖకే గాని నీకు బాధ్యుడు కాడని 1842లో ఇంగ్లండు న్యాయాధిపతులు చెప్పిన మాట ఆమె త్రోవకు అడ్డముగా నిలిచెను. అంతకంటె దగ్గరి అడ్డంకియు కలదు: ఆమె ప్లీడరు వాల్టర్ లీచ్‌మన్, జింజర్‌బీరు సీసాలో చచ్చిన ఎలుక వచ్చినదను వ్యాజ్యమును ఈ దావాకు కొద్దివారముల ముందే స్కాట్లండు పెద్దకోర్టులో ఓడిపోయి యుండెను. ఎలుకతో ఓడినవాడు నత్తతో మరల బయలుదేరెననగా, ఆ మొండితనమునకు నమస్కరింపవలసినదే.

ఐదు పౌనుల ఆస్తియైనను లేని బీదరాలనని ప్రమాణము చేసి ఆమె ప్రభువుల సభకు అప్పీలు చేసికొనెను. 1932 మే 26న ఐదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఆమె పక్షమునను, ఇద్దరు ప్రతిపక్షమునను నిలిచిరి. మన చేతలవలన ఎవరికి హాని కలుగునని ముందుగా ఊహింపదగునో వారి యెడల జాగరూకత వహించుట మన విధియని, క్రీస్తు చెప్పిన సమరయుని కథను మనస్సున నుంచుకొని లార్డ్ ఆట్కిన్ వ్రాసెను. ఈ త్రోవ తెరచినచో ఎచట ఆగునని లార్డ్ బక్‌మాస్టర్ వాపోయెను. ఒక్కరు అటు మొగ్గియున్నచో ఈ సూత్రము ఆనాడు పుట్టకపోవును. ఆమె చెప్పినది నిజమైనచో దావా చెల్లునా యనునంతవరకే సభ విచారించెను గాని, నత్త నిజముగా ఉండెనా యని ఏ కోర్టును తేల్చలేదు. స్టీవెన్సను మరణింపగా వ్యాజ్యము రాజీతో ముగిసెను.

అయినను సూత్రము నిలిచెను. ఎవరు గెలిచిరన్నది ఆ కక్షిదారులకే పరిమితము. ఏ హేతువు లేనిచో తీర్పు నిలువదో ఆ హేతువే క్రింది కోర్టులన్నిటిని బంధించును. ప్రసంగవశమున దొరలిన తక్కిన మాటలు గౌరవార్హములే గాని శిరోధార్యములు కావు. ఇష్టములేని తీర్పు ఎదురైనపుడు, ఇచటి సంగతులు వేరని తప్పుకొనుటయు కలదు. ఆ నేర్పు మీదనే ఆంగ్ల న్యాయవాదులలో సగముమంది బ్రతుకుచున్నారనినను తప్పులేదు. 1935లో, ఉన్ని లోదుస్తులలో మిగిలిన రసాయనముచే చర్మరోగము పొందిన ఆస్ట్రేలియా వైద్యుని వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు ఈ సూత్రమునే అనువర్తింపజేసెను. 1949 వరకు మన మద్రాసు హైకోర్టు తీర్పులపై అప్పీళ్లు వినినదియు ఆ కౌన్సిలే.

ప్రభువుల సభ క్రిందివారినే గాక తన్ను తానును కట్టివేసికొనెను. తన పూర్వతీర్పును తాను మార్చరాదని 1898లో శాసించుకొని, 68 ఏండ్లు ఆ సంకెలను మోసి, 1966 జూలై 26న లార్డ్ గార్డినర్ నోట దానిని సడలించెను. 1972లో, విరిగిన కంచె దాటి విద్యుత్ రైలుపట్టాపై కాలిన ఆరేండ్ల బాలుని వ్యాజ్యమున, అనుమతి లేక ప్రవేశించినవానికి భూస్వామి దాదాపు ఏ బాధ్యతయు వహింపనక్కరలేదన్న 1929 నాటి తమ సభ కఠోరనిర్ణయమును న్యాయమూర్తులు త్రోసిపుచ్చిరి. కాని ఐదుగురును ఐదు తీరుల హేతువులు చెప్పుటచే, దేనిని అనుసరింపవలెనో క్రింది కోర్టులకు బోధపడలేదు. ఆ చిక్కు విప్పుటకు 1984లో పార్లమెంటే చట్టము చేయవలసివచ్చెను.