ఏటికి ఇరుగడలా: ఖమ్మం మన్యంలో అమ్మకాల సింహావలోకనం

సబ్బుల కంపెనీ కానీ, పురుగుమందుల కంపెనీ కానీ, మందుల కంపెనీ కానీ, ఖమ్మం ప్రాంతానికి ఒక టెరిటరీ మేనేజరును నియమిస్తే అతడి చేతికి వచ్చే నేల ఒక్క రకంగా ఉండదు. మధిర, వైరా వైపు కాలువ కింది వరి, మిరప. కొత్తగూడెం, ఇల్లెందు చుట్టూ బొగ్గు గనుల జీతగాళ్లు. పాల్వంచలో కరెంటు కేంద్రం, సారపాకలో కాగితపు మిల్లు. గోదావరి దాటితే భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, ఆపైన అడవి, ఆ అడవిలోనే ఎక్కడో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. హెడ్డాఫీసు పటంలో ఇదంతా ఒకే రంగు పూసిన ఒకే ముక్క. ఆ ముక్క ఒక్కటి కావడానికి నూరేళ్లు పట్టింది. ఒక్కటై ఎంతోకాలం గడవకముందే మళ్లీ రెండైంది. ఉద్యోగానికి పేరు కొత్తదే కానీ పని పాతది. ఇక్కడ ఎవరు ఏం అమ్మారో, ఏ దారిన అమ్మారో వెనక్కి తిరిగి చూస్తే ఈ ప్రాంత చరిత్రే కనిపిస్తుంది.

ఆదిలో ఇక్కడికి బయటినుంచి తప్పనిసరిగా రావలసిన సరుకు ఉప్పు. అడవి అన్నీ ఇచ్చేది, ఉప్పు మాత్రం ఇచ్చేది కాదు. కోస్తా ఉప్పును ఎద్దుల వీపుల మీద వేసుకొని లంబాడీ బిడారులు బస్తరు దాకా సాగేవి. తిరుగు దారిలో చింతపండు, మైనం, కరక్కాయలు, ధాన్యం మోసుకొచ్చేవి. పాల్వంచ తహశీలుదారుగా కంచెర్ల గోపన్న శిస్తు వసూలు చేసిన గోల్కొండ కాలానికే ఈ నేల రాజ్యపు లెక్కల్లోకి ఎక్కింది. అయినా కోయ, కొండరెడ్డి గూడేలలో బేరం చాలాకాలం నాణెంతో సంబంధం లేకుండానే నడిచింది. సోలెడు ఉప్పుకు ఇంత చింతపండు, గజం గుడ్డకు ఇంత ఇప్పగింజ. ఇక్కడ అమ్మేవాడు కొనేవాడు కూడా అయితీరాలి. ఈ నేల వర్తకానికి ఇది మొదటి సూత్రం. తరువాత వచ్చినవాళ్లలో దీన్ని గుర్తించినవాళ్లు నిలిచారు, మరచినవాళ్లు నష్టపోయారు.

1860 ఒడంబడికతో గోదావరి ఎడమ ఒడ్డు నిజాం చేతినుంచి ఇంగ్లీషువారికి పోయింది. అంతవరకు దారిగా ఉన్న ఏరు సరిహద్దుగా మారింది. భద్రాచలం మొదట ఎగువ గోదావరి జిల్లాగా మధ్య పరగణాలలో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిసింది. పాల్వంచ, బూర్గంపాడు ఇవతలి ఒడ్డున నిజాం రాజ్యంలోనే ఉన్నాయి. అవతల కల్దారు రూపాయి, ఇవతల హాలీ సిక్కా. ఆరు కల్దారులకు ఏడు హాలీలు మారకం. నిజాం సరిహద్దు దాటే సరుకు మీద కరోడ్‌గిరి సుంకం నూటికి అయిదు. పడవ మీద ఏరు దాటే వర్తకుడు రెండు సంచులు, రెండు లెక్కల పుస్తకాలు పెట్టుకోక తప్పలేదు.

అదే కాలంలో ఈ ప్రాంతపు మొట్టమొదటి మహా వర్తక ప్రణాళిక పుట్టింది. బేరారు పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి చేర్చాలని సర్ ఆర్థర్ కాటన్ కలగన్నాడు. అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైరు మిల్లులకు పత్తి కరవై ఆ కలకు బలం చేకూరింది. కెప్టెన్ హేగ్ ఆధ్వర్యంలో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకులు లేచాయి. ఎగువన రాతిగుండాలు లొంగలేదు, ఖర్చు పెరిగింది, ఈలోగా బేరారుకు రైలు వచ్చింది. 1871లో పథకాన్ని విడిచిపెట్టారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఇంకా ఉంది. ఈ అడవి మీదుగా పోయే సరుకును లెక్కగట్టారే కానీ, ఈ అడవిలో కొనేవాళ్లను ఆ ప్రణాళిక లెక్కలోకి తీసుకోలేదు.

అదే 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గును గుర్తించాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది, 1889లో తవ్వకం మొదలైంది. డోర్నకల్లు మీదుగా బెజవాడకు రైలు పడింది. 1920లో సింగరేణి కాలరీస్ ఏర్పడింది, గనులు కొత్తగూడెం వైపు విస్తరించాయి. అక్కడి స్టేషనుకు భద్రాచలం రోడ్డు అని పేరు పెట్టారు. గుడి అక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, ఏటి అవతల ఉంది. బొగ్గు ఈ ప్రాంతానికి తెచ్చిన పెద్ద మార్పు రోజు తప్పని జీతం. జీతం రోజున బజారు కళకళలాడింది. పంట కోసం, ఆకు కోసం కాచుకోనక్కరలేని ఖాతాదారుణ్ని వర్తకుడు తొలిసారిగా చూశాడు. చాయ్ పొట్లం, చార్మినార్ సిగరెట్టు, కిరసనాయిలు డబ్బా, పేరున్న సబ్బు ముందు రైలు పట్టాల వెంట ఇలాంటి ఊళ్లకే వచ్చాయి. బ్రూక్‌బాండ్ వంటి కంపెనీల సేల్స్‌మన్లు దుకాణం దుకాణానికి తిరిగి చిన్న మొత్తాల్లో, నగదుకే అమ్మే పద్ధతిని ఈ దేశానికి అలవాటు చేశారు. నేటి లైను సేల్‌కు మూలం అదే.

అడవిలో కథ వేరుగా నడిచింది. అక్కడ నగదుకు బదులు నామా, అంటే అప్పు, రాజ్యమేలింది. షావుకారు విత్తనాలిచ్చేవాడు, పెళ్లికి బట్టలిచ్చేవాడు, వేలిముద్ర వేయించుకొనేవాడు. పంట కల్లానికి చేరేసరికి అది అతడిదయ్యేది. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకొనేటప్పుడు మరో కుంచం. 1879లో రంప పితూరీ లేచి భద్రాచలం తాలూకాకు పాకినప్పుడు, దాని కారణాలలో కల్లు పన్నుతోపాటు మైదానపు వర్తకుల డిక్రీలు, జప్తులు కూడా ఉన్నాయని ప్రభుత్వమే ఒప్పుకుంది. 1917 ఏజెన్సీ చట్టం భూమి చేతులు మారకుండా కట్టడి చేయడంతోపాటు వడ్డీ ఏడాదికి నూటికి 24 దాటరాదని, మొత్తం వడ్డీ అసలును మించరాదని శాసించింది. నిజాం ఒడ్డున అలాంటి రక్షణ చాలాకాలం లేదు. 1940లలో పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్, కలప కాంట్రాక్టర్ల అప్పుల్లో వాళ్లు ఎలా చిక్కారో రాసి పెట్టాడు. ఈ చరిత్రలో గర్వపడవలసిన పుటలు ఉన్నాయి, తలవంచవలసినవీ ఉన్నాయి. బయటివాడి తూకాన్ని మన్యం వెంటనే నమ్మకపోవడానికి కారణాలు ఈ పుటల్లోనే ఉన్నాయి.

స్వాతంత్ర్యానంతరం పదిహేనేళ్లలో గీతలన్నీ మారాయి. 1953లో వరంగల్లు నుంచి విడివడి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1956లో గిరిజన సహకార సంస్థ, అంటే జనం నోట జీసీసీ, విశాఖ కేంద్రంగా పుట్టింది. ఒక చేత్తో చింతపండు, తేనె, ముష్టిగింజలు, తప్సి బంక కొని, మరో చేత్తో డిపోల ద్వారా బియ్యం, ఉప్పు, కిరసనాయిలు అమ్మడం దాని పని. పాత లంబాడీ బిడారు సూత్రాన్నే తూకపు రాయి సరిచేసి ప్రభుత్వం చేపట్టిందన్నమాట. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలు తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాలోకి వచ్చాయి. 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ భద్రాచలం వంతెనను ప్రారంభించారు. లాంచీల మీద, పంట్ల మీద దాటిన సరుకు లారీలో దాటింది. దాదాపు నూరేళ్ల తరువాత రెండు ఒడ్లూ ఒక జిల్లా, ఒక రూపాయి, ఒక రోడ్డు అయ్యాయి. ఖమ్మంలో కూర్చున్న స్టాకిస్టు చర్ల దాకా తనదే అనుకోగలిగింది అప్పటినుంచే.

ఆ తరువాతి పాతికేళ్లు కంపెనీ మనిషికి స్వర్ణయుగం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ జిల్లా దక్షిణాన్ని తడిపింది. 1967లో విశాఖలో కోరమాండల్ కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టాక ఎరువుల బస్తా ఊరూరా దిగింది. 1979లో సారపాక కాగితపు మిల్లు నడవడంతో వెదురుకు, తరువాత జామాయిలుకు, సుబాబులుకు ఇంటి ముంగిట కొనుగోలుదారు దొరికాడు. మలేరియా వదలని ఏజెన్సీలో మెడికల్ రిప్రజెంటేటివు బ్యాగు పట్టుకొని బస్సులు మారాడు. 1976 చట్టం అతడి వంటి అమ్మకపు ఉద్యోగులకు సర్వీసు భద్రత ఇచ్చింది. అహ్మదాబాదు నిర్మా, కడలూరు చిక్ షాంపూ సాచెట్లు వారపు సంతలో ఉల్లిపాయల పక్కన, ఎండుచేపల పక్కన చోటు సంపాదించాయి. సీసా కొనలేని చేతికి పొట్లం అందింది. మన్యంలో రోజుకూలి లెక్కతో బతికే ఇంటికి నెల సరుకు కాక పూట సరుకే సరిపోతుందని తెలియడం ఈ కాలపు పెద్ద పాఠం. 1/70 చట్టం వల్ల ఏజెన్సీలో గిరిజనేతరుడు స్థలం కొని గోదాము కట్టుకొనే వీలు పోయింది. 1986 ఆగస్టులో గోదావరి భద్రాచలం దగ్గర 75.6 అడుగులకు చేరి, ఒడ్డున నిలవ చేసిన సరుకుకు భరోసా లేదని కూడా తేల్చి చెప్పింది.

1990లు చేదు మిగిల్చాయి. పత్తి విస్తరించింది, పచ్చపురుగు మందులకు లొంగడం మానేసింది. కంపెనీ డీలరుకు ఉద్దెర ఇచ్చింది, డీలరు రైతుకు ఇచ్చాడు, రైతు పంటను అదే డీలరుకు తూచాడు. పురుగుమందు డబ్బాకు పాత షావుకారు నామా అతుక్కుంది. 1997-98లో వరంగల్లు చుట్టుపక్కల రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కలచివేసినప్పుడు, నెలాఖరు టార్గెట్టు కోసం డీలరు గోదాములోకి సరుకు తోసే అలవాటు ఎంత దూరం పోగలదో అందరికీ తెలిసింది. 2002లో బీటీ పత్తికి అనుమతి రావడంతో మందుల బేరం తగ్గి విత్తనాల బేరం పెరిగింది. సరుకు మారింది కానీ ఉద్దెర మారలేదు. పక్కనున్న నల్లగొండలో ఈ శతాబ్ది ఆరంభాన హిందుస్థాన్ లీవర్ పొదుపు సంఘాల మహిళలతో మొదలుపెట్టిన శక్తి పథకం, ఊరి మనిషే ఊరికి అమ్మగలదని చూపింది.

2014లో తెలంగాణ విడివడినప్పుడు గీత మళ్లీ కదిలింది. పోలవరం ముంపు పేరిట ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, దాని చుట్టూ ఎటపాక వైపు ఊళ్లు ఆంధ్రలో ఉన్నాయి. భద్రాచలంలో బయలుదేరి దుమ్ముగూడెం వెళ్లే సరుకు బండి ఒక రాష్ట్రం వదిలి, ఇంకో రాష్ట్రం దాటి, మళ్లీ మొదటి రాష్ట్రంలో అడుగుపెడుతుంది. మూడేళ్లపాటు అదే దారికి రెండు వ్యాట్లు, రెండు వేబిల్లులు. చింతూరు, కూనవరం దుకాణాలకు భద్రాచలం నుంచి వెళ్లిన సరుకు అంతర్రాష్ట్ర అమ్మకమైంది. చాలా కంపెనీల లెక్కల్లో అవి రాజమండ్రి ఖాతాలోకి పోయాయి, మనుషులు మాత్రం అలవాటు కొద్దీ భద్రాచలం బజారుకే వస్తూ పోయారు. 2017 జులై 1న జీఎస్టీతో చెక్‌పోస్టులు లేచిపోయాక ఆ బాధ కొంత తగ్గింది. కరోడ్‌గిరి నాకా చూసిన ఏటికి ఇదేమీ కొత్త కాదు.

ఇక నేటి ఉద్యోగం. కంపెనీ నుంచి డిస్ట్రిబ్యూటరుకు వెళ్లేది ప్రైమరీ, డిస్ట్రిబ్యూటరు నుంచి కొట్టుకు వెళ్లేది సెకండరీ. హెడ్డాఫీసు అడిగేది మొదటిది, నేల చెప్పేది రెండోది. మార్చి ముగింపుకు సరుకు దింపమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. అడవి పక్క కొట్టులో నగదు కదిలేది ఇప్పపువ్వు ఏరాక, మేలో తునికాకు కల్లం డబ్బులు పడ్డాక. ఖమ్మం యార్డులో మిర్చి ధర పడిపోతే ఆ వేసవి మధిర వైపు వసూళ్లు ఆగిపోతాయి. 2017 ఏప్రిల్‌లో యార్డులో రైతుల ఆగ్రహాన్ని చూసినవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. జులైలో గోదావరి 43 అడుగులు చేరి మొదటి హెచ్చరిక వెలువడితే, అనుభవమున్న మేనేజరు ఆర్డరు తీసుకొనేముందు నీటిమట్టం అడుగుతాడు. 48 అయితే లోతట్టు దారులు, 53 అయితే లారీ మాటే మరచిపోవచ్చు.

ఈ నూట అరవై ఏళ్లలో ఓడిన ప్రణాళికలన్నీ ఇక్కడి కొనుగోలుదారును అమ్మకం చివరన నిలబెట్టాయి. నిలిచినవి అతడి సంపాదన దగ్గర మొదలుపెట్టాయి. ఆ ఇంట్లోకి డబ్బు ఏ నెలలో, ఏ దారిన వస్తుందో తెలిసినవాడికే సరుకు ఏ దారిన పోవాలో తెలుస్తుంది. ఉప్పు బిడారు నాటినుంచి అమ్మేవాడు బయటివాడే. ఇప్పుడు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) బడుల్లో చదివిన కోయ పిల్లలు కంపెనీల తరఫున ఆర్డర్లు రాస్తున్నారు, సంతలో కోయ మాటలో ధర చెబుతున్నారు. వాళ్లలో ఒకరు ఖమ్మం టెరిటరీ కుర్చీలో కూర్చొని, మార్చి టార్గెట్టును మే నెలకు జరపమని హెడ్డాఫీసును ఒప్పించిన రోజున, ఈ చరిత్రలో వంతెన తరువాత అంతటి మలుపు అదే అవుతుంది.