చోరీ సొత్తు విలువ

చోరీ సొత్తు విలువ అనగా దొంగిలించబడిన వస్తువు యొక్క ధర. భారతదేశములో దొంగతనమునకు పడు శిక్ష చాలాకాలము ఈ విలువపై ఆధారపడి ఉండలేదు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 5,000 రూపాయల విలువను ఒక హద్దుగా నిర్ణయించినది.

చరిత్ర

ఇంగ్లాండులో పూర్వము పన్నెండు పెన్నీలకు మించిన చోరీని పెద్ద చోరీగా పరిగణించేవారు. ఈ భేదము 1827లో రద్దయినది. 1860 నాటి భారత శిక్షాస్మృతి కూడా ఇటువంటి భేదమును చేర్చలేదు. దాని 379వ సెక్షను ప్రకారము సొత్తు విలువ ఎంతైనను గరిష్ఠ శిక్ష మూడేళ్ళ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.

ప్రస్తుత చట్టము

భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షనులో సాధారణ శిక్ష అదే. అయితే సొత్తు విలువ 5,000 రూపాయల కన్న తక్కువై, నేరము మొదటిసారి రుజువై, సొత్తును గాని దాని విలువను గాని తిరిగి ఇచ్చినచో శిక్ష సమాజ సేవ మాత్రమే. ఈ సేవకు ప్రతిఫలము ఉండదు. ఇదే సెక్షను క్రింద మరల నేరము రుజువైనచో ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ళ వరకు కఠిన కారాగార శిక్ష, జరిమానా పడును.

విలువతో పని లేని చోరీలు

* నివాస గృహములో లేదా సొత్తు భద్రపరచు కట్టడములో చోరీ, ప్రార్థనా స్థలములోని విగ్రహ చోరీ (సెక్షను 305): ఏడేళ్ళ వరకు జైలు, జరిమానా.
* యజమాని సొత్తును పనివాడు దొంగిలించుట (సెక్షను 306): ఏడేళ్ళ వరకు జైలు, జరిమానా.
* చంపుటకు గాని గాయపరచుటకు గాని సిద్ధపడి చేయు చోరీ (సెక్షను 307): పదేళ్ళ వరకు కఠిన కారాగారము, జరిమానా.

విచారణ

భారతీయ నాగరిక సురక్షా సంహిత 283వ సెక్షను ప్రకారము 20,000 రూపాయలకు మించని చోరీ కేసులలో సంక్షిప్త విచారణ జరుగును. ఇట్టి విచారణలో మూడు నెలలకు మించి జైలుశిక్ష విధించరాదు. పాత నేర విచారణ స్మృతిలో ఈ పరిమితి చివరకు 2,000 రూపాయలు.

5,000 రూపాయల లోపు చోరీ నాన్ కాగ్నిజబుల్ నేరము. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేనిదే పోలీసులు దర్యాప్తు చేయరాదు, వారెంటు లేనిదే నిందితుని అరెస్టు చేయరాదు.

గ్రామములలో ప్రభావము

అనకాపల్లి జిల్లా మాకవరపాలెం వంటి వ్యవసాయ మండలములలో ఈ హద్దు రైతులకు ముఖ్యమైనది. 2025-26లో సాధారణ రకము వరికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఈ లెక్కన కళ్ళములో పోయిన రెండు క్వింటాళ్ళ ధాన్యము విలువ 4,738 రూపాయలు. అది హద్దుకు లోపలిది కనుక పోలీసులు స్వయముగా దర్యాప్తు మొదలుపెట్టలేరు. అదే ధాన్యము ఇంటి గాదె నుండి పోయినచో 305వ సెక్షను వర్తించును. విలువను లెక్కించు పద్ధతిని 303వ సెక్షను చెప్పదు. కావున సొత్తు పరిమాణము, నాటి ధర ఫిర్యాదులో వ్రాయుట, రసీదులు ఉన్నచో జతపరచుట బాధితునికి మేలు.

ఇవి కూడా చూడండి

* భారతీయ న్యాయ సంహిత
* భారత శిక్షాస్మృతి
* మాకవరపాలెం