మూగ బాలుడి పాత్ర నుంచి ఫిలింఫేర్ వరకు: అమిత్ కుమార్ ప్రస్థానం

హిందీ, బెంగాలీ చిత్రాల నేపథ్య గాయకుడు, నటుడు అమిత్ కుమార్ 1952 జులై 3న కలకత్తాలో జన్మించారు. ఆయన తండ్రి కిశోర్ కుమార్. తల్లి రుమా గుహ ఠాకుర్తా బెంగాలీ నటి, గాయని. తండ్రి పేరు దేశమంతటా మారుమోగినందున, అమిత్ కుమార్ సంగీత వారసత్వం గురించి చెప్పేవారు చాలావరకు అక్కడితోనే ఆగిపోతారు. తల్లి వైపు సంపద కూడా తక్కువేమీ కాదు. అమ్మమ్మ సతీదేవి పేరెన్నికగన్న గాయని. ఆమె సోదరి బిజయ, సత్యజిత్ రాయ్ సతీమణి. రుమా 1958లో సలీల్ చౌధురి, సత్యజిత్ రాయ్‌ల తోడ్పాటుతో కలకత్తా యూత్ కోయిర్ అనే బృందగాన సంస్థను స్థాపించారు. కిశోర్, రుమా విడిపోయింది కూడా ఆ ఏడాదే. బాలుడు తల్లితో కలకత్తాలో ఉండిపోగా, తండ్రి బొంబాయి చిత్రసీమలో తీరిక లేకుండా ఉండేవారు.

ఈ నేపథ్యం తెలిస్తే 1964లో విడుదలైన ‘దూర్ గగన్ కీ ఛావ్ మే’ చిత్రం మరోలా కనిపిస్తుంది. హాస్యనటుడిగా ప్రేక్షకులను కడుపుబ్బ నవ్విస్తున్న కాలంలో కిశోర్ కుమార్ స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, సంగీతం సమకూర్చి, కథానాయకుడిగా నటించిన విషాద గాథ అది. యుద్ధం నుంచి ఇంటికి తిరిగి వచ్చిన సైనికుడికి కాలిపోయిన ఇల్లు కనిపిస్తుంది. భార్య మంటల్లో మరణించింది. ఆ దృశ్యాన్ని కళ్లారా చూసిన కొడుకు మాట కోల్పోయాడు. ఆ మూగ బాలుడే అమిత్ కుమార్. తర్వాతి కాలంలో గొంతుతోనే పేరు తెచ్చుకోబోయే వ్యక్తికి దక్కిన తొలి చెప్పుకోదగిన పాత్రలో మాటలే లేవు. తల్లి దగ్గర పెరుగుతున్న పిల్లవాడు తెరపై తల్లిలేని బిడ్డగా తండ్రి చేయి పట్టుకుని నడిచాడు. కొడుకును ఓదారుస్తూ తండ్రి పాడే ‘ఆ చల్ కే తుఝే’ పాటకు సాహిత్యం, సంగీతం రెండూ కిశోర్‌వే. రేడియో శ్రోతలు ఇప్పటికీ కోరి వినే ఆ పాటను, తెరపై వింటున్న బాలుడి ముఖం చూస్తూ వినడం వేరే అనుభవం.

ఆ తర్వాత ‘దూర్ కా రాహీ’ (1971), ‘బఢ్‌తీ కా నామ్ దాఢీ’ (1974), ‘శాబాష్ డాడీ’ (1979) చిత్రాల్లో అమిత్ కుమార్ నటించారు. అన్నీ తండ్రి తీసినవే. కిశోర్ కుమార్ ఇతర నిర్మాతల చిత్రాల్లో తారగా వెలిగారు కానీ, కుమారుడి నటన దాదాపుగా ఇంటి గడప దాటలేదు. తండ్రి ప్రారంభించి పూర్తి చేయలేకపోయిన ‘మమతా కీ ఛావ్ మే’ చిత్రాన్ని ఆయన మరణానంతరం అమితే పూర్తి చేసి విడుదల చేశారు. నటనను వృత్తిగా చేపట్టారనడం కంటే, తండ్రి పిలిచినప్పుడల్లా కెమెరా ముందు నిలబడ్డారనడం సబబు.

గానం సంగతి అలా కాదు. అందులో ఆయనకు గుర్తింపు తెచ్చిన వ్యక్తి రాహుల్ దేవ్ బర్మన్. 1976లో తరుణ్ మజుందార్ దర్శకత్వంలో, శక్తి సామంత నిర్మాణంలో ‘బాలికా బధూ’ వచ్చింది. అందులో కౌమారదశలోని కథానాయకుడి కోసం పాడిన ‘బడే అచ్ఛే లగ్‌తే హై’ అమిత్ కుమార్ పేరును ఇంటింటికీ చేర్చింది. అత్యవసర పరిస్థితి కాలమది. కాంగ్రెస్ కార్యక్రమంలో పాడేందుకు కిశోర్ కుమార్ నిరాకరించడంతో, అదే ఏడాది మే నెల నుంచి ఆయన పాటలను ఆకాశవాణి, దూరదర్శన్‌లలో నిలిపివేశారు. తండ్రి స్వరం ప్రభుత్వ ప్రసారాలకు దూరమైన సంవత్సరంలోనే కొడుకు స్వరం దేశానికి పరిచయమైంది.

1981లో విడుదలైన ‘లవ్ స్టోరీ’ ఆయన గాన జీవితానికి శిఖరం. ఆ చిత్ర బృందాన్ని గమనిస్తే ఆసక్తికరమైన విషయం తెలుస్తుంది. నిర్మాత రాజేంద్ర కుమార్ తన కుమారుడు కుమార్ గౌరవ్‌ను కథానాయకుడిగా పరిచయం చేశారు. సంగీత దర్శకుడు ఆర్.డి. బర్మన్, ఎస్.డి. బర్మన్ కుమారుడు. గాయకుడు కిశోర్ కుమార్ తనయుడు. నాయిక విజయతా పండిత్ కూడా సంగీత కుటుంబంలో పుట్టినవారే. వారసులే కలిసి తయారుచేసిన ఆ చిత్రంలో ‘యాద్ ఆ రహీ హై’ పాటకు అమిత్ కుమార్ ఉత్తమ నేపథ్య గాయకుడిగా ఫిలింఫేర్ పురస్కారం అందుకున్నారు. మన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ‘ఏక్ దూజే కే లియే’తో హిందీ శ్రోతలను ఆకట్టుకుని జాతీయ పురస్కారం గెలుచుకున్నది కూడా ఆ ఏటి చిత్రంతోనే. మరుసటి సంవత్సరం ‘తేరీ కసమ్’లోనూ కుమార్ గౌరవ్‌కు అమిత్ కుమారే పాడారు.

అంతటి విజయం తర్వాత కూడా ఆయన అగ్రస్థానంలో స్థిరపడలేదు. అందుకు కారణం వెతకడం కష్టం కాదు. ఆయన గొంతులో తండ్రి గొంతు ఛాయలు స్పష్టంగా వినిపిస్తాయి. అసలు కిశోర్ కుమారే అందుబాటులో ఉండి పాడుతుంటే, ఆ ఛాయను వెతుక్కుంటూ వచ్చే నిర్మాతలు ఎందరుంటారు? 1987 అక్టోబర్ 13న కిశోర్ కన్నుమూశారు. అనంతరం కొంతకాలం అవకాశాలు పెరిగాయి. ‘తేజాబ్’ (1988)లో లక్ష్మీకాంత్–ప్యారేలాల్ స్వరపరచిన ‘ఏక్ దో తీన్’ పాట పురుష స్వరంలోనూ ఉంది. అది అమిత్ కుమార్ పాడినదే. ‘త్రిదేవ్’ (1989)లో ‘తిర్ఛీ టోపీవాలే’ ఊరూరా మోగింది. అయితే 1990 దశకం మొదట్లో అదృష్టం వరించింది మరొకరిని. వేదికలపై కిశోర్ పాటలు పాడుతూ ఎదిగిన కుమార్ సాను వరుసగా అయిదేళ్లు ఫిలింఫేర్ పురస్కారం అందుకున్నారు. కిశోర్ బాణీకి గిరాకీ తగ్గలేదు. కిశోర్ కుమారుడికి మాత్రం తగ్గింది.

1994 జనవరి 4న ఆర్.డి. బర్మన్ మృతి చెందారు. తన స్వరాన్ని అందరికంటే బాగా ఎరిగిన సంగీత దర్శకుడు దూరం కావడంతో అమిత్ కుమార్ సినిమా నేపథ్య గానం నుంచి క్రమంగా తప్పుకున్నారు. దేశ విదేశాల్లో సంగీత విభావరులనే ప్రధాన వ్యాపకంగా చేసుకున్నారు. బెంగాలీ పాట మాత్రం ఆయనను విడిచిపెట్టలేదు. వేదికపై ఆయన నుంచి శ్రోతలు మొదట కోరేది తండ్రి పాటలనే. వాటిని అమిత్ కుమార్ అయిష్టంగా పాడినట్టు ఎన్నడూ కనిపించదు.

2021 మే నెలలో ఓ టెలివిజన్ పాటల పోటీ కార్యక్రమం కిశోర్ కుమార్‌కు నివాళిగా ప్రత్యేక భాగాన్ని ప్రసారం చేసింది. దానికి అతిథిగా వెళ్లిన అమిత్ కుమార్, కార్యక్రమం తనకు నచ్చలేదని, పోటీదారులందరినీ మెచ్చుకోవాలని తనకు ముందే చెప్పారని ఆ తర్వాత బహిరంగంగా వెల్లడించారు. ఆ మాటలపై సామాజిక మాధ్యమాల్లో రోజుల తరబడి చర్చ సాగింది. నివాళి పేరిట తండ్రి పాటలను ఎలా పాడుతున్నారన్న ప్రశ్నను అడగదగిన వారిలో మొదటివారు ఆయనే కదా!

కిశోర్ కుమార్, లీనా చందావర్కర్ దంపతుల కుమారుడు సుమిత్ కుమార్ కూడా గాయకుడే. ఈ అన్నదమ్ములిద్దరూ కలిసి పలు వేదికలపై తండ్రి పాటలను వినిపించారు.