ఒకే కాడి క్రింది ప్రాసెసర్లు

కంప్యూటరునకు మెదడువంటి ప్రాసెసరు గడియారపు తాళమును బట్టి పనిచేయును. తాళము హెచ్చిన పని త్వరపడును; వేడియు, విద్యుద్వ్యయమును హెచ్చును. కావున పనిలేని వేళ వేగము తగ్గించుట యుక్తము. ఇంటెల్ సంస్థ 2000వ సంవత్సరమున స్పీడ్‌స్టెప్ అను పేర నీ యుపాయమును వెంట గొనిపోవు కంప్యూటర్లలో ప్రవేశపెట్టెను. 1991లో ఫిన్లండున లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ కెర్నెలు, అనగా కంప్యూటరు నేలు మూలకార్యక్రమము, 2003 డిసెంబరున వెలువడిన 2.6వ కూర్పునాటికి దీని నలవరచుకొనెను.

పిమ్మట ఒకే చిప్పునందు పెక్కు ప్రాసెసర్లు చేరినవి. వానిలో కొన్నింటికి గడియార మొక్కటియే. ఒకే కాడికి గట్టిన ఎడ్లలో నొకటి పరుగిడ, వేరొకటి మెల్లగ నడువగలదా? అందుచే కెర్నెలు మేలుకొనునపుడే యే ప్రాసెసర్లు ఒక గడియారమును పంచుకొనుచున్నవో తెలిసికొని, గుంపున కొక్కటిగా పాలసీ యను కట్టుబాటు నేర్పరచును. కనిష్ఠ గరిష్ఠ వేగము లందు నిర్ణీతములు. గుంపులో నెక్కువ బరువు మోయు దాని యవసరమే సాధారణముగా నన్నింటి వేగమును నిర్ణయించును. ఈ కూర్పు తప్పెనా, ఒకే పగ్గమును ఇరువురు చెరొకవైపు లాగినట్లగును. పనియైన కుంటుపడును, బ్యాటరీయైన వృథాగ తరుగును.

2011లో ఆర్మ్ సంస్థ బలమైన ప్రాసెసర్లను, పొదుపరి ప్రాసెసర్లను వేర్వేరు గుంపులుగ నొకచోట కూర్చు పద్ధతిని ప్రకటించెను. నేడు మన చేతనున్న ఆండ్రాయిడ్ ఫోనును నడపునదియు లినక్స్ కెర్నెలే. జోడెరిగి కాడి కట్టిన నాడే సేద్యము సాగును గదా!